మాయమైన గీత ఏం చెబుతుంది

ముసురు పట్టి వారం దాటిందంటే ఇచ్చోడ చుట్టుపక్కల గూడేల్లో జరాలు మొదలవుతాయి. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ దాకా హైవే 44 మీద పోయేవాళ్లకు ఇచ్చోడ పత్తి పండే ఊళ్ల మధ్య ఒక మండల కేంద్రంగానే కనిపిస్తుంది. రోడ్డు దిగి సిరికొండ వైపు లోపలికి పోతే అడవి, వాగులు, వాగుల వెంట దోమలు. అక్కడ జరమొచ్చిన మనిషి ఇంటికి ఆశ కార్యకర్త తెచ్చేది ఒక చిన్న ప్లాస్టిక్ పట్టీ. వేలి కొసను సూదితో పొడిచి ఒక గుంటలో రక్తపు చుక్క వేస్తుంది. పక్క గుంటలో చిన్న సీసాలోంచి ద్రవం వేస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. ‘సి’ అక్షరం దగ్గర గీత రావాలి. రాకపోతే ఆ కిట్ పక్కన పెట్టి ఇంకోటి విప్పాలి. ‘పీఎఫ్’ దగ్గర కూడా గీత తేలితే ఫాల్సిపారం మలేరియా, ‘పీవీ’ దగ్గర తేలితే వైవాక్స్. రెండింటికీ మందులు వేరు, మింగాల్సిన రోజులు వేరు. వైవాక్స్‌కు ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు వేసుకోవాలి. ఫాల్సిపారం అయితే ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ గీత గీసేది యాంటీబాడీ. బయటి నుంచి వచ్చిన పదార్థాన్ని పట్టుకోవడానికి ఒంట్లో తయారయ్యే ప్రోటీన్ అది. జంతువుల్లోనో, ల్యాబులో పెంచే కణాల్లోనో దాన్ని చేయించుకుని మనం వెతుకులాటకు పనిముట్టుగా వాడుకుంటున్నాం. ఫాల్సిపారం గీత దగ్గరున్న యాంటీబాడీ ఆ పరాన్నజీవి విడిచే హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. అది పట్టుకున్నది నిజంగా హెచ్‌ఆర్‌పీ2నేనా, దాన్ని పోలిన ఇంకోటా? పట్టీ తయారుచేసేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే. ప్రపంచంలో ఎక్కడ యాంటీబాడీతో పనిచేస్తున్నా, హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలోనైనా, జపాన్‌లోని ఓకాజాకి ల్యాబుల్లోనైనా, ముందు నిలబడే ప్రశ్న కూడా ఇదే.

దీనికి నలభై యేళ్లకు పైగా వాడుకలో ఉన్న ఒక జవాబు ఉంది. యాంటీబాడీని ఏ చిన్న ముక్క చూపించి తయారుచేయించారో, ఆ ముక్కనే ముందుగా దానికి దండిగా అందించాలి. దాని పట్టు నిండిపోతుంది. తర్వాత దాన్ని పరీక్షకు పెడితే గీత రాకూడదు. ఆ ముక్కను బ్లాకింగ్ పెప్టైడ్ అంటారు. కణం తన పాత సామాన్లను తానే కరిగించుకుని వాడుకునే ఆటోఫాజీ మీద పరిశోధన సాగిన తీరులో ఈ తనిఖీకి ఎంత విలువ వచ్చిందో, ఎక్కడ అది చాలలేదో స్పష్టంగా కనిపిస్తుంది.

దీని మూలం కార్ల్ లాండ్‌స్టైనర్ దగ్గరుంది. రక్తం గ్రూపులు కనుక్కున్నందుకు 1930లో నోబెల్ అందుకున్న మనిషిగానే ఆయన మనకు తెలుసు. ఆయన మాత్రం జీవితంలో ఎక్కువ కాలం ఇంకో ప్రశ్న వెంట తిరిగాడు. యాంటీబాడీ ఎంత చిన్న తేడాను గుర్తుపట్టగలదు? దీనికోసం ఆయన ప్రోటీన్లకు చిన్న చిన్న రసాయనాలను అతికించి కుందేళ్లకు ఎక్కించాడు. కుందేలు రక్తంలో ఆ రసాయనం మీద యాంటీబాడీలు పుట్టాయి. అదే రసాయనాన్ని వేరే ప్రోటీన్‌కు అతికించి ఆ సీరంలో కలిపితే తెల్లగా విరిగి అడుక్కు దిగేది. ఇక్కడే ఆయన ఒక పని చేశాడు. ఏ ప్రోటీన్‌కూ అతికించని ఉత్త రసాయనాన్ని ముందుగా సీరంలో కలిపాడు. అది చాలా చిన్నది, దానికది విరుపు తేలేదు. కానీ అది ఉన్నప్పుడు అసలు విరుపు ఆగిపోయింది. యాంటీబాడీల పట్టు ఆ చిన్న అణువుతో నిండిపోయి, పెద్దదానికి చోటు లేకపోయింది. దగ్గరి పోలిక ఉన్న ఇంకో రసాయనం కలిపితే కొంతే ఆగింది, పోలిక లేనిది కలిపితే ఏమీ ఆగలేదు. దేనితో ఎంత ఆగిందో చూసి యాంటీబాడీ దేన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో కొలిచాడు. 1932లో ఆయన, వాన్ డెర్ షీర్ కలిసి ఇదే పద్ధతిని చిన్న పెప్టైడ్ల మీద కూడా పెట్టారు. ఇవాళ్టి బ్లాకింగ్ పెప్టైడ్ పరీక్షలో ఉన్న ఆలోచన అంతా అక్కడే ఉంది.

అప్పటికి లేనిది కోరిన పెప్టైడ్‌ను కోరినట్టు తయారుచేసే దారి. పెప్టైడ్ అంటే కొన్ని అమైనో ఆమ్లాల వరుస. ప్రోటీన్ కూడా అదే వరుస, కాకపోతే చాలా పొడవు. ఎమిల్ ఫిషర్ 1907 నాటికే 18 అమైనో ఆమ్లాల గొలుసు కట్టాడు. కానీ ఒక్కో అమైనో ఆమ్లాన్ని అతికించిన ప్రతిసారీ సరుకును శుద్ధి చేసి, స్ఫటికాలుగా తీసి, మళ్లీ మొదలుపెట్టాలి. నెలలు పట్టే పని, ప్రతి అడుగులో కొంత సరుకు పోయేది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసే బ్రూస్ మెరిఫీల్డ్ 1959 మే నెలలో తన నోట్‌బుక్‌లో ఒక ఆలోచన రాసుకున్నాడు. మొదటి అమైనో ఆమ్లాన్ని కరగని పదార్థానికి అతికించేస్తే, తర్వాత అన్నీ అక్కడే ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పోవచ్చు. అనవసరమైనదంతా కడిగేస్తే పోతుంది, గొలుసు మాత్రం ఆ పదార్థం మీదే ఉంటుంది. చివరికి కోసి తీసుకుంటే చాలు. సన్నని పాలీస్టైరీన్ గుళికలు ఎంచుకుని నాలుగేళ్లు కష్టపడి, నాలుగు అమైనో ఆమ్లాల గొలుసుతో 1963లో పేపర్ ప్రచురించాడు. నాలుగేళ్లకు నాలుగు అమైనో ఆమ్లాలు అంటే తక్కువగా అనిపించవచ్చు. 1969కి అదే పద్ధతిలో 124 అమైనో ఆమ్లాల రైబోన్యూక్లియేస్ ఎంజైమును కట్టి చూపించారు. 1984లో నోబెల్ వచ్చింది.

అదే 1963లో, లండన్‌లో సీబా ఫౌండేషన్ ఏర్పాటు చేసిన లైసోజోముల సమావేశంలో క్రిస్టియన్ డి డ్యూవ్ ఆటోఫాజీ అన్న పేరు పెట్టాడు. లైసోజోమును కనుక్కున్నది ఆయనే. కణం లోపలి జీర్ణాశయం లాంటి ఆ సంచిలోకి కణం తన సొంత భాగాలనే ఎలా పంపుతుందన్నది ఆయన ప్రశ్న. డి డ్యూవ్ 1962 నుంచి రాక్‌ఫెల్లర్‌లో కూడా పనిచేసేవాడు. అంతకు ఇరవై యేళ్ల ముందు లాండ్‌స్టైనర్ చివరి రోజులు గడిపింది కూడా ఆ సంస్థలోనే. అడ్డుకునే పరీక్ష, పెప్టైడ్ తయారీ, ఆటోఫాజీ అనే మూడు దారులూ ఒకే ఆవరణలోంచి వెళ్లాయి. అవి కలవడానికి ఇంకో దాదాపు నలభై యేళ్లు పట్టింది.

1970ల చివరికి జన్యువుల వరుస చదవడం వచ్చింది. చదివితే ఏ ప్రోటీన్ తయారవుతుందో కాగితం మీద తెలుస్తుంది. దాన్ని ఒంట్లో చూడడం ఎలా? 1980లో రెండు బృందాలు దాదాపు ఒకేసారి జవాబిచ్చాయి. క్యాలిఫోర్నియాలోని స్క్రిప్స్‌లో సట్‌క్లిఫ్, లెర్నర్ బృందం ఎలుకల ల్యుకీమియా వైరస్ జన్యు క్రమాన్ని బట్టి ఒక ప్రోటీన్ కొస ఎలా ఉంటుందో లెక్కగట్టి, ఆ కొసను మెరిఫీల్డ్ పద్ధతిలో కట్టి జంతువుకు ఎక్కించింది. వాల్టర్, డూలిటిల్ బృందం ఎస్‌వీ40 వైరస్ పెద్ద ప్రోటీన్ రెండు కొసలతో అదే పని చేసింది. రెండు చోట్లా, ఎవరూ చేతితో తాకని ప్రోటీన్‌ను పట్టే యాంటీబాడీ తయారైంది. జన్యువు నుంచి కాగితం, కాగితం నుంచి పెప్టైడ్, పెప్టైడ్ నుంచి యాంటీబాడీ అనే దారి తెరుచుకుంది. దాంతో పాటే అనుమానమూ వచ్చింది. ఇంత చిన్న ముక్క చూపించి చేయించిన యాంటీబాడీ ఇంకెన్ని ప్రోటీన్లను పట్టుకుంటుందో ఎవరికి తెలుసు? ఆ ముక్క చేతిలోనే ఉంది కాబట్టి లాండ్‌స్టైనర్ పద్ధతి వెంటనే పనికొచ్చింది. ముక్క కలిపితే గీత పోవాలి. ఇది మామూలు అలవాటైపోయింది. అప్పటికి 1979లో టోబిన్ బృందం తెచ్చిన పద్ధతి ల్యాబుల్లో పాతుకుంటోంది. అందులో ప్రోటీన్లను బరువు వారీగా జెల్‌లో విడదీసి, పలచని పొరమీదికి ఎక్కించి, యాంటీబాడీతో వెతుకుతారు. బర్నెట్ దానికి వెస్టర్న్ బ్లాట్ అని పేరు పెట్టాడు. దొరికిన ప్రోటీన్ పొరమీద ఒక గీతలా కనబడుతుంది.

ఆటోఫాజీ మాత్రం ఈలోగా చాలా కాలం సూక్ష్మదర్శినికే పరిమితమైపోయింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో రెండు పొరల సంచులు కనబడేవి. వాటిని ఏ ప్రోటీన్లు కడుతున్నాయో తెలియదు. 1988లో టోక్యో విశ్వవిద్యాలయంలో సొంత ల్యాబు మొదలుపెట్టిన యోషినోరి ఓసుమి ఈస్ట్ కణాలను ఎంచుకున్నాడు. అందులోనూ లోపలికి వచ్చినదాన్ని జీర్ణం చేసుకోలేని రకాన్ని తీసుకుని ఆకలికి పెట్టాడు. జీర్ణం కాక పోగుపడిన గుండ్రని మూటలు మామూలు సూక్ష్మదర్శినిలోనే కనిపించాయి. ఆ మూటలు కట్టుకోలేని ఈస్ట్ రకాలను వెతికి, 1993 నాటికి 15 జన్యువులను గుర్తించాడు. 2016 నోబెల్‌కు పునాది అదే.

మనిషి, ఎలుక కణాల్లో ఆ జన్యువులకు సాటివి ఏవి? 2000లో కబేయా, యోషిమొరి బృందం చూపించిన జవాబు ఎల్‌సీ3. అంతకుముందు ఆ ప్రోటీన్‌ను కణం లోపలి సన్నగొట్టాలకు అంటుకునేదిగానే ఎరుగుదురు. ఈస్ట్‌లోని ఒక ఆటోఫాజీ ప్రోటీన్‌కు అది చుట్టమని, సంచి పొరమీదే కూర్చుంటుందని వాళ్లు చూపించారు. అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి కణ ద్రవంలో తిరిగేది, దాదాపు 18 కిలోడాల్టన్ల దగ్గర గీతగా కనబడుతుంది. రెండోది సంచి పొరకు కొవ్వుతో అంటుకున్నది, 16 దగ్గర కనబడుతుంది. కొవ్వు కలిసి బరువు పెరిగినా జెల్‌లో అది ఇంకా కిందికి పరుగెత్తుతుంది. కణాన్ని ఆకలికి పెడితే కింది గీత దట్టమవుతుంది. అప్పటి నుంచి ప్రపంచంలోని ఆటోఫాజీ ల్యాబులన్నీ ఆ రెండు గీతల్నే చూస్తున్నాయి.

ఆ గీతల్ని చూపిన యాంటీబాడీ సంగతి చెప్పాలి. ఎల్‌సీ3 మొదటి కొసలోని 14 అమైనో ఆమ్లాలను వాళ్లు పెప్టైడ్‌గా కట్టించుకున్నారు. ప్రోలిన్, సెరీన్, గ్లుటామిక్ ఆమ్లం, లైసీన్, థ్రియోనీన్, ఫినైల్ అలనీన్, లైసీన్, గ్లుటామిన్, తర్వాత రెండు ఆర్జినీన్లు, మళ్లీ థ్రియోనీన్, ఫినైల్ అలనీన్, గ్లుటామిక్ ఆమ్లం, గ్లుటామిన్. చివర ఒక సిస్టీన్ అదనంగా చేర్చారు. అది ఎల్‌సీ3లో భాగం కాదు, ముక్కను పెద్ద ప్రోటీన్‌కు తగిలించడానికి కొక్కెం. ఇంత చిన్న ముక్కను ఉత్తగా ఎక్కిస్తే జంతువు ఒళ్లు దాన్ని పట్టించుకోదు, పెద్దదానికి తగిలించి పంపాలి. మొదటి కొసనే ఎంచుకోవడానికీ కారణం ఉంది. ఎల్‌సీ3 రెండో కొసను కణం కోసేస్తుంది. ఎలుక ఎల్‌సీ3లో 22 అమైనో ఆమ్లాలు అలా పోయి, 120వ స్థానంలో ఉన్న గ్లైసీన్ బయటపడుతుంది. కొవ్వు అంటుకునేది అక్కడే. ఆ కొస మీద యాంటీబాడీ చేసి ఉంటే రెండు రూపాల్నీ ఒకేలా పట్టేది కాదు. మొదటి కొస ఎప్పుడూ కదలదు.

ఇలాంటి యాంటీబాడీని బ్లాకింగ్ పెప్టైడ్‌తో పరీక్షించే పద్ధతి ల్యాబులో ఇలా సాగుతుంది. ఒకే కణాల సరుకును జెల్‌లో రెండు గదుల్లో సమానంగా పోస్తారు. పొరమీదికి ఎక్కించాక దాన్ని మధ్యకు కోసి రెండు ముక్కలు చేస్తారు. యాంటీబాడీని రెండు గొట్టాల్లో సమంగా తీసుకుంటారు. ఒకదానిలో పెప్టైడ్, రెండోదానిలో పెప్టైడ్ కరిగించిన ద్రవం మాత్రమే. గది వేడిలో అరగంటో, ఫ్రిజ్‌లో రాత్రంతానో ఉంచుతారు. ఒక యాంటీబాడీ బరువు దాదాపు 1,50,000 డాల్టన్లు. ఎల్‌సీ3 ముక్క బరువు 1,900కు కొంచెం తక్కువ. ఒక మైక్రోగ్రాము యాంటీబాడీకి ఒక మైక్రోగ్రాము పెప్టైడ్ వేసినా, ఒక్కో యాంటీబాడీకి 80 ముక్కల దాకా అందుతాయి. మామూలుగా వేసే అయిదు రెట్లు వేస్తే 400. యాంటీబాడీ ఒక్కోటి పట్టగలిగేది రెండింటినే. అందుకే ఈ పరీక్షలో అడ్డు పూర్తిగా పడుతుంది. తర్వాత రెండు పొరలనూ ఒకేసారి కడిగి, ఒకేసారి వెలిగించి చూస్తారు. ‘ఒకేసారి’ అన్న మాట ముఖ్యం. ఒకదానికి ఎక్కువసేపు వెలుగు తీసుకుని, రెండోదానికి తక్కువసేపు తీసుకుంటే మాయమైంది గీతా, వెలుగా అని తెలియదు. ఇంకో పొరమీద ఎల్‌సీ3కి సంబంధం లేని పెప్టైడ్‌ను కూడా అదే పరిమాణంలో పెడితే ఇంకా నమ్మకం. దానితో గీత పోకూడదు.

పెప్టైడ్ వేసిన పొరమీద గీతలు రెండు విధాలుగా విడిపోతాయి. కొన్ని పోతాయి, కొన్ని నిలబడతాయి. నిలబడినవి ఆ ముక్కతో సంబంధం లేకుండా వచ్చినవి. కుందేలు రక్తంలో అప్పటికే ఉన్న వేరే యాంటీబాడీలో, రంగు చూపడానికి వాడిన రెండో యాంటీబాడీయో వాటిని గీసి ఉంటుంది. వాటిని లెక్కలోంచి తీసేయాలి. ఈ పని బ్లాకింగ్ పెప్టైడ్ చాలా బాగా చేస్తుంది. పరిశోధన మొదలుపెట్టే పిల్లలకు ఇది మొదట నేర్పాల్సిన తనిఖీ అని నా గట్టి నమ్మకం.

పోయిన గీతల సంగతి వేరు. పోయిన గీత ఎల్‌సీ3దేనని అనుకోవడం ఇరవై యేళ్ల పాటు ఎందరో చేశారు. ఎల్‌సీ3 ఒంటరిది కాదు. మనిషి కణంలో ఎల్‌సీ3ఎ, బి, సి అనే తోబుట్టువులున్నాయి, గాబారాప్ అనే మరో శాఖ కూడా ఉంది. పైన చెప్పిన 14 అమైనో ఆమ్లాలు ఎల్‌సీ3బివి. ఎల్‌సీ3ఎలో అదే కొస పక్కన పెట్టి చదివితే 14లో 8 అచ్చం అవే. మధ్యలో ఉన్న ఫినైల్ అలనీన్, లైసీన్, గ్లుటామిన్, రెండు ఆర్జినీన్లు వరుసగా అయిదూ మార్పు లేకుండా ఉన్నాయి. ఒకవేళ యాంటీబాడీ ఆ అయిదింటినే పట్టుకునేదైతే, ఎల్‌సీ3ఎ గీతనూ చూపిస్తుంది. పెప్టైడ్ కలిపితే ఆ గీత కూడా పోతుంది. పోయిందని చూసి ఇది ఎల్‌సీ3బి అని రాస్తే తప్పు. కొన్ని ఎల్‌సీ3బి యాంటీబాడీలు ఎల్‌సీ3ఎను కూడా పట్టవచ్చని అమ్మేవాళ్ల పత్రాల్లోనే హెచ్చరిక ఉంటుంది. కేస్లాపూర్ జాతరలో నిలబడి ‘ఆత్రం’ అని ఇంటిపేరు పెట్టి కేకేస్తే తిరిగి చూసేవాళ్లంతా ఆత్రం ఇంటివాళ్లేనని తెలుస్తుంది, వాళ్లలో మనకు కావాల్సిన మనిషి ఎవరో తెలియదు. బ్లాకింగ్ పెప్టైడ్ చెప్పేది అంతవరకే. యాంటీబాడీ ఆ చిన్న ముక్కను పట్టే చోటుతోనే గీత గీసిందని చెబుతుంది. ఆ ముక్క ఏ ప్రోటీన్‌లో ఉందో చెప్పదు.

మలేరియా పట్టీ విషయంలోనూ ఇదే జరిగింది. హెచ్‌ఆర్‌పీ2లో హిస్టిడీన్, అలనీన్ పదేపదే తిరిగి వస్తాయి. అదే పరాన్నజీవిలోని హెచ్‌ఆర్‌పీ3లోనూ అలాంటి వరుసలే ఉన్నాయి. హెచ్‌ఆర్‌పీ2 కోసం చేసిన యాంటీబాడీ దాన్నీ పట్టుకుంటుంది. పట్టీకి ఇది కొంత మేలే చేసింది, ఎందుకంటే రెండూ ఫాల్సిపారంవే. కానీ 2010లో పెరూలో హెచ్‌ఆర్‌పీ2 జన్యువే పోయిన పరాన్నజీవులు దొరికినప్పుడు సంగతి బయటపడింది. రక్తంలో వాటి సంఖ్య ఎక్కువగా ఉంటే హెచ్‌ఆర్‌పీ3 పుణ్యాన గీత రావచ్చు, తక్కువగా ఉంటే రాదు. గీతను గీసింది ఏ ప్రోటీనో తెలియకుండా ఈ తేడాను అర్థం చేసుకోలేం. జన్యువు లేని పరాన్నజీవి దొరకడం వల్లే ఇది తెలిసింది. పెప్టైడ్ పరీక్ష ఎన్నిసార్లు చేసినా తెలిసేది కాదు.

ఇదే మాట నాడీశాస్త్రంలో మొదట గట్టిగా వినిపించింది. 2003లో క్లిఫర్డ్ సేపర్, పాల్ సాచెంకో ఒక పత్రికా సంపాదకీయంలో పెప్టైడ్‌తో అడ్డుకున్నామని చెప్పి ఊరుకుంటే సరిపోదని రాశారు. రెండేళ్లకు సేపర్ ఇంకో లేఖ రాయాల్సి వచ్చింది. యాంటీబాడీ పట్టుకునే ప్రోటీన్ అసలే లేని ఎలుకల్లో కూడా ఆ యాంటీబాడీ రంగు చూపిస్తోందని తెలిసి, అచ్చయిన పేపర్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చిన రచయితలు ఆ పత్రికకు బాధతో ఉత్తరాలు రాయడమే అందుకు కారణం. ఏళ్ల కష్టం అలా పోయింది.

ఆటోఫాజీ వాళ్లకు ఈ విషయంలో ఒక అదృష్టం కలిసొచ్చింది. ఓసుమి పని జన్యువులతో మొదలైంది కాబట్టి, జన్యువు తీసేసిన కణాలు చాలా ముందే తయారయ్యాయి. 2001లో నొబోరు మిజుషిమా ఆటోఫాజీకి కావాల్సిన ఏటీజీ5 జన్యువు లేని ఎలుక మూలకణాలు తయారుచేశాడు. 2004లో ఆ జన్యువు లేని ఎలుక పిల్లలు పుట్టిన తొలి రోజు ఆకలికి తట్టుకోలేక చనిపోతాయని చూపించారు. ఏటీజీ5 లేకపోతే ఎల్‌సీ3కి కొవ్వు అంటుకోదు. కాబట్టి ఆ కణాల సరుకులో కింది గీత ఉండకూడదు. మీ యాంటీబాడీ అక్కడా కింది గీత చూపిస్తే అది ఎల్‌సీ3 రెండో రూపం కాదు. పెప్టైడ్ ఇవ్వలేని జవాబు ఇది. 2007లో మిజుషిమా, యోషిమొరి కలిసి ఎల్‌సీ3 గీతలు ఎలా చదవాలో ఒక చిన్న వ్యాసం రాశారు. యాంటీబాడీ రెండు రూపాల్నీ సమానంగా చూపదని, అందుకే పై గీతను కింది గీతతో ఊరికే పోల్చవద్దని అందులో హెచ్చరించారు. 2008లో డేనియల్ క్లియోన్‌స్కీ పూనికతో ఆటోఫాజీ పరీక్షలకు మార్గదర్శకాలు వచ్చాయి. నాలుగో కూర్పు 2021లో వచ్చింది. అప్పటికి రచయితల సంఖ్య రెండు వేలు దాటింది. అంతమంది కూర్చుని ఒక గీతను ఎలా నమ్మాలో రాయాల్సి రావడం ఈ పనిలోని కష్టాన్ని చెబుతుంది.

2016లో మథియాస్ ఉలేన్ ముందుండి నడిపిన అంతర్జాతీయ బృందం యాంటీబాడీ తనిఖీకి అయిదు మార్గాలు సూచించింది. జన్యువును తీసేసి చూడడం మొదటిది. యాంటీబాడీతో సంబంధం లేని వేరే కొలతతో సరిపోల్చడం, అదే ప్రోటీన్ మీద వేరే చోట పట్టే రెండో యాంటీబాడీతో చూడడం, గుర్తు తగిలించిన ప్రోటీన్‌తో చూడడం, పట్టుబడినదాన్ని మాస్ స్పెక్ట్రోమెట్రీతో గుర్తించడం మిగతావి. బ్లాకింగ్ పెప్టైడ్ ఆ అయిదింటిలో లేదు. 2019లో మాంట్రియల్ బృందం సీ9ఓఆర్‌ఎఫ్72 అనే ప్రోటీన్ మీద అమ్మే 16 యాంటీబాడీలను, ఆ జన్యువు తీసేసిన కణాల పక్కన పెట్టి పరీక్షించింది. ఆ ప్రోటీన్ ఆటోఫాజీలోనూ, కండరాలను చచ్చుబరిచే ఏఎల్‌ఎస్ జబ్బులోనూ పాత్ర ఉన్నది. అప్పటిదాకా ఎక్కువ పేపర్లలో వాడిన యాంటీబాడీలు దాన్ని గుర్తించనే లేదు. అదే దారిలో సాగిన పెద్ద ప్రయత్నం 65 ప్రోటీన్ల మీద 614 యాంటీబాడీలను పరీక్షించి 2023లో ఫలితం ప్రకటించింది. తాను పట్టాల్సిన ప్రోటీన్‌ను పట్టలేని యాంటీబాడీతో అచ్చయిన పేపర్లు సగటున ఒక్కో ప్రోటీన్‌కు 12 దాకా తేలాయి.

అలాగని పెప్టైడ్ పని అయిపోలేదు. అది ఇప్పటికీ ముందుండే చోటు ఒకటుంది. మన హైదరాబాద్‌లో జరిగిన ఒక పరిశోధన దాన్ని అర్థం చేసుకోవడానికి దారి చూపిస్తుంది. సీసీఎంబీలో ఘనశ్యామ్ స్వరూప్ బృందం చాలా ఏళ్లుగా ఆప్టిన్యూరిన్ అనే ప్రోటీన్ మీద పనిచేసింది. ఆటోఫాజీలో పాత సామాన్లను సంచి దగ్గరికి చేర్చే ప్రోటీన్లలో అదొకటి. దానిలో కొన్ని మార్పులు గ్లకోమాకు, అంటే కంటి నరం క్రమంగా దెబ్బతిని చూపు పోయే జబ్బుకు, సంబంధించినవి. 98వ స్థానంలో మెథియోనిన్ పోయి లైసీన్ వచ్చిన రకం రెటీనా కణాలను ఆటోఫాజీ దారిలోనే చంపుతుందని ఆ బృందం 2013లో చూపింది. 2015లో ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆ చావుకు ఆప్టిన్యూరిన్ 177వ సెరీన్ మీద ఫాస్ఫేట్ అంటుకోవడం కీలకం. ఆ సెరీన్‌కు ఎల్‌సీ3ని పట్టుకునే చోటు ఆనుకునే ఉంటుంది. ఫాస్ఫేట్ అంటుకుంటే పట్టు గట్టిపడుతుందని, సాల్మొనెల్లా బ్యాక్టీరియాను కణం తుడిచేయడానికి అది సాయపడుతుందని 2011లోనే ఇవాన్ డికిచ్ బృందం చూపించి ఉంది.

ఇలాంటి ఫాస్ఫేట్‌ను మాత్రమే గుర్తించే యాంటీబాడీ దగ్గర జన్యువు తీసేయడం సగం జవాబే ఇస్తుంది. జన్యువు లేకపోతే ప్రోటీనే లేదు, ఫాస్ఫేట్ ఉన్నది, లేనిది తేల్చే అవకాశమే ఉండదు. అక్కడ రెండు పెప్టైడ్లు కావాలి. అమైనో ఆమ్లాల వరుస రెండింటిలోనూ ఒకటే, ఒకదానిలో సెరీన్ మీద ఫాస్ఫేట్ ఉంటుంది, రెండోదానిలో ఉండదు. ఫాస్ఫేట్ ఉన్నది కలిపితే గీత పోవాలి, లేనిది కలిపితే గీత అలాగే నిలవాలి. రెండూ గీతను తుడిచేస్తే ఆ యాంటీబాడీకి ఫాస్ఫేట్‌తో పనిలేదు, ప్రోటీన్ ఎంత ఉందో చెబుతోంది అంతే. ఫాస్ఫేట్ పెరిగిందని దానితో రాసినదంతా అనుమానమే. ఈ జంట పరీక్షకు తోడు ఆ సెరీన్ బదులు ఫాస్ఫేట్ అంటుకోలేని అలనీన్ పెట్టిన ప్రోటీన్‌ను కూడా చూడాలి. సీసీఎంబీ పనిలో 177వ చోట అలనీన్ పెట్టినప్పుడు కణాల చావు తగ్గింది. యాంటీబాడీ చెప్పినదాన్ని యాంటీబాడీ అవసరం లేని కొలత బలపరిచిందన్నమాట. నాకు ఈ పరిశోధనలో అన్నిటికన్నా నచ్చింది అదే.

పెప్టైడ్ చిన్న సీసాలో పొడిగా వస్తుంది, ఏ కాలేజీ ల్యాబైనా కొనుక్కోగలదు. జన్యువు తీసేసిన కణాలు తయారుచేసుకోవడం, వాటిని చావకుండా పెంచుకుంటూ రావడం ఖర్చుతోనూ, శ్రమతోనూ కూడిన పని. జన్యువులను కోసే క్రిస్పర్ పద్ధతి వచ్చాక అది తేలికైంది కానీ చిన్న విశ్వవిద్యాలయాలకు ఇంకా దూరమే. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల నుంచి ఎమ్మెస్సీ చదివి పరిశోధనకు వచ్చే పిల్లల్లో చాలామంది పనిచేసేది అలాంటి చోట్లే. వాళ్లు పెప్టైడ్ పరీక్ష ఒక్కటే చేసి పేపరు రాస్తే తప్పు వాళ్లది కాదు, చేతికి అందినది అదే. హైదరాబాద్‌లోని పెద్ద సంస్థలు తమ దగ్గరున్న ఏటీజీ5, ఎల్‌సీ3 జన్యువులు లేని కణాల సరుకును జెల్‌లో పోయడానికి సిద్ధంగా చేసి, చిన్న సీసాల్లో గడ్డకట్టించి ఆ ల్యాబులకు పంపవచ్చు. ఒక సీసా సరుకు ఎన్నో పొరలకు సరిపోతుంది. ఒక విద్యార్థి తన కణాల గీత పక్కనే, జన్యువు లేని కణాల గదిని, దాని పక్కన పెప్టైడ్ కలిపిన పొరను పెట్టి మూడూ ఒకే ఫోటోలో అచ్చువేయగలగాలి.